వైఫై మారగానే ల్యాప్‌టాప్ పేరు ఎందుకు మారుతోంది? హోస్ట్‌నేమ్ ప్రాబ్లమ్‌ని స్టెప్ బై స్టెప్ పట్టుకోవడం ఎలా

కొత్తగా లైనక్స్ ఇన్‌స్టాల్ చేశారు. ఇంట్లో టెర్మినల్ ఓపెన్ చేస్తే యూజర్‌నేమ్ పక్కన ఒక పేరు, హాస్టల్ వైఫైలో ఇంకో పేరు, ఫోన్ హాట్‌స్పాట్‌లో "లోకల్‌హోస్ట్". మీరు ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. మరి ఎవరు మారుస్తున్నారు?

చాలామంది దీన్ని పెద్దగా పట్టించుకోరు, "పేరే కదా" అనుకుంటారు. కానీ అదే పేరు మీద ఆధారపడి పనిచేసే సాఫ్ట్‌వేర్‌లు చాలా ఉన్నాయి. పేరు మారిన రోజు క్రోమ్ ఓపెన్ అవ్వదు, సూడో కమాండ్ కొడితే ఎర్రర్ వస్తుంది, ప్రాజెక్ట్ డేటాబేస్ ఖాళీగా కనిపిస్తుంది. డెమో ఇచ్చే రోజు ఇలా జరిగిందంటే ఎక్కడ వెతకాలో కూడా అర్థం కాదు. అందుకే కంప్యూటర్‌కి పేరు ఎక్కడి నుంచి వస్తుందో, నెట్‌వర్క్ కనెక్ట్ అయ్యేటప్పుడు అది ఎందుకు మారుతుందో, ఎలా ఆపాలో ఈ ఆర్టికల్‌లో మొత్తం చూద్దాం. ఎక్కువగా లైనక్స్ గురించే మాట్లాడుకుందాం. చివర్లో మ్యాక్, విండోస్, ఫోన్ల సంగతి కూడా ఉంది.

ముందే ఒక మాట: ఈ ఆర్టికల్‌లో కమాండ్లు, ఫైల్ పేర్లు తెలుగు అక్షరాల్లోనే రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీష్ స్మాల్ లెటర్స్‌లో టైప్ చేయాలి. ఎక్కడైనా క్యాపిటల్ లెటర్ కావాలంటే అక్కడే చెప్తాను.

హోస్ట్‌నేమ్ అసలు ఎక్కడ ఉంటుంది?

హోస్ట్‌నేమ్ అంటే నెట్‌వర్క్‌లో మీ మెషిన్‌కి ఉండే పేరు. చాలామంది అది ఒక ఫైల్‌లో ఉంటుంది అనుకుంటారు. అది సగమే నిజం. సిస్టమ్ నడుస్తున్నప్పుడు పేరు ఉండేది కెర్నల్ మెమరీలో. ఏ ప్రోగ్రామ్ అయినా "నా మెషిన్ పేరేంటి?" అని అడిగితే కెర్నల్ తన దగ్గర ఉన్న పేరే చెప్తుంది, ఫైల్ తెరిచి చూడదు. రూట్ పర్మిషన్ ఉన్న ఏ ప్రోగ్రామ్ అయినా ఆ పేరుని ఎప్పుడైనా మార్చేయొచ్చు.

కెర్నల్ స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఏ పేరూ తెలియదు. అప్పుడు పేరు అడిగితే "నన్" అని బ్రాకెట్లలో చూపిస్తుంది. పాత సిస్టమ్‌లలో బూట్ మెసేజ్‌ల మధ్యలో ఈ "నన్" కనిపించిందంటే, పేరు పెట్టే స్టెప్ ఇంకా రాలేదనో, ఫెయిల్ అయ్యిందనో అర్థం.

పేరుకి కొన్ని రూల్స్ ఉన్నాయి. ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్, అంతే. స్పేస్ వద్దు, అండర్‌స్కోర్ వద్దు, హైఫన్‌తో మొదలవకూడదు, ముగియకూడదు. లైనక్స్‌లో గరిష్ఠంగా 64 అక్షరాలు, డీఎన్ఎస్‌లో అయితే చుక్కల మధ్య ఉండే ఒక్కో ముక్క 63 అక్షరాలు దాటకూడదు. కాబట్టి చిన్నగా పెట్టుకోవడమే మంచిది.

ఒక పేరు కాదు, మూడు పేర్లు

ఇప్పుడు మనం వాడే ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటి డిస్ట్రోలన్నీ సిస్టమ్‌డీ వాడతాయి. అందులో ఒక మెషిన్‌కి మూడు రకాల పేర్లు ఉంటాయి. కన్‌ఫ్యూజన్ మొత్తం ఇక్కడే మొదలవుతుంది.

1. స్టాటిక్ హోస్ట్‌నేమ్: మీరు పెట్టిన పేరు. /ఈటీసీ/హోస్ట్‌నేమ్ అనే ఫైల్‌లో ఉంటుంది. రీబూట్ చేసినా పోదు.

2. ట్రాన్సియెంట్ హోస్ట్‌నేమ్: ప్రస్తుతానికి కెర్నల్ దగ్గర ఉన్న పేరు. నెట్‌వర్క్ ఇచ్చింది కావచ్చు. రీబూట్ చేస్తే పోతుంది.

3. ప్రెట్టీ హోస్ట్‌నేమ్: మనుషులు చదువుకోవడానికి పెట్టుకునే పేరు. ఇందులో స్పేస్‌లు, ఎమోజీలు, తెలుగు అక్షరాలు కూడా పెట్టుకోవచ్చు. /ఈటీసీ/మెషిన్-ఇన్ఫో ఫైల్‌లో సేవ్ అవుతుంది. "అన్నయ్య ల్యాప్‌టాప్" అని పెట్టుకున్నా నెట్‌వర్క్‌కి ఏ ఇబ్బందీ ఉండదు.

వీటి మధ్య గుర్తుపెట్టుకోవాల్సిన రూల్ ఒక్కటే. సరైన స్టాటిక్ పేరు ఉంటే అదే గెలుస్తుంది. అది లేకపోయినా, ఫైల్ ఖాళీగా ఉన్నా, అందులో "లోకల్‌హోస్ట్" అని ఉన్నా, అప్పుడు మాత్రమే నెట్‌వర్క్ ఇచ్చే పేరుకి దారి దొరుకుతుంది. ఇంటికి నేమ్‌ప్లేట్ లేకపోతే పోస్ట్‌మ్యాన్ తనకి తోచిన పేరుతో పిలుస్తాడు కదా, అలాంటిదే ఇది.

బూట్ నుంచి నెట్‌వర్క్ దాకా ఏం జరుగుతుంది?

పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి పేరు సెట్ అయ్యే ఆర్డర్ ఇలా ఉంటుంది.

మొదట కెర్నల్ లోడ్ అవుతుంది. పేరు లేదు.

తర్వాత సిస్టమ్‌డీ స్టార్ట్ అవుతుంది. బూట్‌లోడర్ కెర్నల్‌కి ఇచ్చిన కమాండ్ లైన్‌లో హోస్ట్‌నేమ్ ఏమైనా ఉందా అని చూస్తుంది. లేకపోతే /ఈటీసీ/హోస్ట్‌నేమ్ చదువుతుంది. అదీ లేకపోతే, అప్పటికే ఎవరైనా పేరు పెట్టి ఉంటే దాన్ని ఉంచుతుంది. ఏదీ లేకపోతే డిస్ట్రో తయారుచేసినవాళ్లు పెట్టిన ఫాల్‌బ్యాక్ పేరు వాడుతుంది. ఈ ఫాల్‌బ్యాక్ చాలా డిస్ట్రోల్లో "లోకల్‌హోస్ట్", ఫెడోరాలో "ఫెడోరా". ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పేరు ఇవ్వని ఫెడోరా మెషిన్లలో టెర్మినల్‌లో కనిపించే పేరు ఇదే.

ఇదంతా నెట్‌వర్క్ రాకముందే అయిపోతుంది. వైఫై కార్డ్ డ్రైవర్ ఇంకా లోడ్ అయ్యి ఉండకపోవచ్చు కూడా. ఇక్కడి దాకా రౌటర్‌కి ఏ సంబంధమూ లేదు.

ఆ తర్వాత నెట్‌వర్క్‌మేనేజర్ వైఫై కనెక్ట్ చేస్తుంది, రౌటర్ నుంచి ఐపీ అడ్రస్ తెచ్చుకుంటుంది. ఐపీ వచ్చాక ఒకసారి చెక్ చేస్తుంది: "ఈ మెషిన్‌కి సరైన స్టాటిక్ పేరు ఉందా?" ఉంటే ఏమీ ముట్టుకోదు. లేదంటే పేరు కోసం వేట మొదలవుతుంది.

రౌటర్ పేరు ఎలా పెడుతుంది?

వేట రెండు చోట్ల జరుగుతుంది.

మొదటిది డీహెచ్‌సీపీ. ల్యాప్‌టాప్ ఐపీ అడిగేటప్పుడు నాలుగు మెసేజ్‌లు నడుస్తాయి: డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, ఎకనాలెడ్జ్. సర్వర్ పోర్ట్ 67, క్లయింట్ పోర్ట్ 68. ఈ మెసేజ్‌లలో నంబర్లు ఉన్న ఆప్షన్స్ ఉంటాయి. మనకి కావాల్సింది ఆప్షన్ 12, అంటే హోస్ట్‌నేమ్.

ఈ ఆప్షన్ 12 రెండు వైపులా నడుస్తుంది. ల్యాప్‌టాప్ "నా పేరు ఫలానా" అని రౌటర్‌కి చెప్పడానికి వాడుతుంది. రౌటర్ యాప్‌లో కనెక్టెడ్ డివైసెస్ లిస్ట్‌లో పేర్లు కనిపించేది ఎక్కువగా దీనివల్లే. అలాగే సర్వర్ "నీ పేరు ఇది" అని ల్యాప్‌టాప్‌కి చెప్పడానికీ ఇదే ఆప్షన్ వాడుతుంది. కాలేజ్ ల్యాబ్‌లలో, ఆఫీసుల్లో అడ్మిన్లు ఒక్కో మ్యాక్ అడ్రస్‌కి ఒక్కో పేరు కేటాయిస్తారు. యాభై సిస్టమ్‌లకి ఒక్కొక్కటిగా పేరు పెట్టే పని తప్పుతుంది. అంటే ఇది బగ్ కాదు, పద్ధతిగా ఇచ్చిన ఫీచర్.

రెండోది రివర్స్ డీఎన్ఎస్. మామూలు డీఎన్ఎస్ పేరు నుంచి ఐపీ చెప్తుంది. రివర్స్ డీఎన్ఎస్ ఐపీ నుంచి పేరు చెప్తుంది. డీహెచ్‌సీపీలో పేరు రాకపోతే నెట్‌వర్క్‌మేనేజర్ "192.168.1.7 ఎవరిది?" అని డీఎన్ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. ఇళ్లలో ఆ డీఎన్ఎస్ సర్వర్ కూడా సాధారణంగా రౌటరే.

విచిత్రమైన పేర్లు వచ్చేది ఇక్కడి నుంచే. నిన్న 192.168.1.7 ఐపీ మీ చెల్లి ఫోన్‌కి ఉంది. ఆ ఫోన్ తన పేరు రౌటర్‌కి చెప్పింది, రౌటర్ రాసి పెట్టుకుంది. ఈరోజు అదే ఐపీ మీ ల్యాప్‌టాప్‌కి వచ్చింది, కానీ రౌటర్‌లో పాత ఎంట్రీ ఇంకా పోలేదు. మీ ల్యాప్‌టాప్ "నేనెవరిని?" అని అడిగితే రౌటర్ మీ చెల్లి ఫోన్ పేరు చెప్తుంది. టెర్మినల్‌లో ఆ పేరు చూసి హ్యాక్ అయిపోయిందేమో అని భయపడేవాళ్లు ఉన్నారు. హ్యాక్ ఏమీ కాదు, పాత ఎంట్రీ అంతే.

పేరు మారితే నిజంగా వచ్చే నష్టాలు

క్రోమ్ ఓపెన్ అవ్వకపోవడం: లైనక్స్‌లో క్రోమ్, క్రోమియం నడుస్తున్నప్పుడు ప్రొఫైల్ ఫోల్డర్‌లో "సింగిల్‌టన్‌లాక్" అనే లాక్ పెట్టుకుంటాయి. అందులో హోస్ట్‌నేమ్, ప్రాసెస్ నంబర్ ఉంటాయి. క్రోమ్ క్రాష్ అయ్యి ఆ లాక్ అలాగే మిగిలిపోయి, ఈలోపు పేరు మారితే, మళ్లీ ఓపెన్ చేసినప్పుడు "ఈ ప్రొఫైల్ వేరే కంప్యూటర్‌లో వాడుతున్నారు" అనే అర్థం వచ్చే మెసేజ్ వస్తుంది. వేరే కంప్యూటర్ ఏదీ లేదు. మీ మెషిన్ పాత పేరే దానికి వేరే కంప్యూటర్‌లా కనిపిస్తోంది.

కొత్త విండోలు తెరుచుకోకపోవడం: ఎక్స్11 సెషన్‌లో స్క్రీన్ మీద విండో తెరవడానికి కావాల్సిన కీ హోస్ట్‌నేమ్‌తో కలిపి సేవ్ అవుతుంది. కొన్ని లాగిన్ మేనేజర్లతో, సెషన్ మధ్యలో పేరు మారితే అప్పటికే ఓపెన్ ఉన్న యాప్స్ నడుస్తాయి కానీ కొత్తవి "డిస్‌ప్లే ఓపెన్ చేయలేం" అంటాయి. లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయితే సరిపోతుంది.

సూడో ఎర్రర్: పేరు మారింది, కానీ /ఈటీసీ/హోస్ట్స్ ఫైల్‌లో పాత పేరే ఉంది. అప్పుడు సూడో "అనేబుల్ టు రిజాల్వ్ హోస్ట్" అంటుంది. కమాండ్ పనిచేయొచ్చు, కానీ కొన్నిసార్లు ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగుతుంది.

డేటా మాయమవడం: ప్రాజెక్ట్‌లో రాబిట్‌ఎంక్యూ వాడేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. దాని నోడ్ పేరు, డేటా ఫోల్డర్ పేరు హోస్ట్‌నేమ్‌తోనే తయారవుతాయి. పేరు మారాక స్టార్ట్ చేస్తే కొత్త ఫోల్డర్‌తో, ఖాళీ క్యూలతో మొదలవుతుంది. పాత డేటా డిస్క్‌లోనే ఉంటుంది, పేరు వెనక్కి మార్చితే కనిపిస్తుంది. ఈ విషయం తెలియక రీఇన్‌స్టాల్ చేస్తేనే అసలు నష్టం.

ట్రబుల్‌షూటింగ్: ఈ ఆర్డర్‌లోనే చేయండి

*స్టెప్ 1: మూడు పేర్లు చూడండి*

హోస్ట్‌నేమ్‌సీటీఎల్

ఇది ఒకే పదం, మధ్యలో స్పేస్ లేదు. స్టాటిక్ పేరు ఒకటి, దాని కింద ట్రాన్సియెంట్ అని ఇంకో పేరు కనిపిస్తే రెండూ తేడాగా ఉన్నాయని అర్థం. రెండూ ఒకటే అయితే ట్రాన్సియెంట్ లైన్ అసలు చూపించదు. స్టాటిక్ దగ్గర పేరు ఏదీ లేకపోయినా, "లోకల్‌హోస్ట్" అని ఉన్నా, తొంభై శాతం పని అయిపోయినట్టే. కారణం దొరికింది, నేరుగా ఫిక్స్ దగ్గరికి వెళ్లొచ్చు. అయినా ఎవరు మారుస్తున్నారో తెలుసుకోవాలంటే ముందుకెళ్దాం.

*స్టెప్ 2: ఫైల్ చూడండి*

క్యాట్ /ఈటీసీ/హోస్ట్‌నేమ్

ఫైల్ ఉందా, ఖాళీగా ఉందా, పేరులో స్పేస్ లేదా వింత అక్షరం ఏదైనా ఉందా చూడండి. విండోస్ ఎడిటర్‌లో సేవ్ చేసి కాపీ చేసిన ఫైల్ అయితే లైన్ చివర కనిపించని క్యారెక్టర్ ఉండొచ్చు. అనుమానం ఉంటే డిలీట్ చేసి, హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌తోనే మళ్లీ పెట్టండి.

*స్టెప్ 3: లాగ్స్ చదవండి*

జర్నల్‌సీటీఎల్ -బీ | గ్రెప్ -ఐ హోస్ట్‌నేమ్

ఈ బూట్‌లో హోస్ట్‌నేమ్ గురించి వచ్చిన మెసేజ్‌లన్నీ టైమ్‌తో సహా కనిపిస్తాయి. మొదట్లో సిస్టమ్‌డీ పెట్టిన పేరు ఉంటుంది. తర్వాత నెట్‌వర్క్‌మేనేజర్ లైన్‌లో "సెట్-హోస్ట్‌నేమ్" అనే మాట కోసం వెతకండి. ఆ లైన్ చివర "ఫ్రమ్ డీహెచ్‌సీపీవీ4" అని ఉంటే సర్వర్ ఆప్షన్ 12 ద్వారా పేరు పంపించింది. "ఫ్రమ్ అడ్రస్ లుకప్" అని ఉంటే రివర్స్ డీఎన్ఎస్ నుంచి వచ్చింది. మొత్తం ట్రబుల్‌షూటింగ్‌లో అన్నిటికంటే ఉపయోగపడే లైన్ ఇదే. ఊహించాల్సిన పని లేకుండా ఎవరు చేశారో పేరుతో సహా చెప్పేస్తుంది.

*స్టెప్ 4: నెట్‌వర్క్ లేకుండా బూట్ చేయండి*

లాగ్స్ చూసినా క్లారిటీ రాకపోతే వైఫై ఆఫ్ చేసి, కేబుల్ తీసేసి రీబూట్ చేయండి. పేరు కరెక్ట్‌గా ఉందా? ఇప్పుడు వైఫై ఆన్ చేయండి, పేరు మారిందా? మారితే కారణం నెట్‌వర్క్. నెట్‌వర్క్ లేకుండానే తప్పు పేరు ఉంటే రౌటర్‌ని తిట్టి లాభం లేదు, కారణం మెషిన్‌లోనే ఉంది. అలాంటప్పుడు క్లౌడ్-ఇనిట్ గానీ, మీరు ఎప్పుడో పెట్టిన స్టార్టప్ స్క్రిప్ట్ గానీ ఉందేమో చూడాలి.

*స్టెప్ 5: రౌటర్‌ని నేరుగా అడగండి*

డిగ్ @192.168.1.1 -ఎక్స్ 192.168.1.7

మొదటిది మీ రౌటర్ ఐపీ, రెండోది మీ ల్యాప్‌టాప్ ఐపీ. సమాధానంలో వింత పేరు వస్తే పాత ఎంట్రీ దొరికినట్టే. ఇక్కడ రౌటర్ ఐపీ ఇవ్వడం ముఖ్యం. ఊరికే మీ సొంత ఐపీ గురించి మీ మెషిన్‌నే అడిగితే, చాలా డిస్ట్రోల్లో అది బయటికి వెళ్లకుండా తన పేరే తిరిగి చెప్తుంది. దాంతో అంతా బాగానే ఉందనిపిస్తుంది.

*స్టెప్ 6: ప్యాకెట్ చూడండి*

ఇంకా డౌట్ ఉంటే టీసీపీడంప్‌ని పోర్ట్ 67, 68 మీద వెర్బోస్ మోడ్‌లో రన్ చేసి, వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయండి. వైర్‌షార్క్ అలవాటు ఉంటే అందులో ఇంకా ఈజీ. ఆప్షన్ 12 ఏ మెసేజ్‌లో ఉందో చూడండి. డిస్కవర్, రిక్వెస్ట్‌లో ఉంటే మీ ల్యాప్‌టాప్ పంపింది. ఆఫర్, ఎకనాలెడ్జ్‌లో ఉంటే సర్వర్ పంపింది.

పర్మనెంట్ ఫిక్స్

అందరికీ పనిచేసే ఫిక్స్ ఒకటే: స్టాటిక్ పేరు పెట్టండి.

సూడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ గోదావరి

గోదావరి బదులు మీకు నచ్చిన పేరు. ఫైల్‌లోనూ కెర్నల్‌లోనూ ఒకేసారి మారుతుంది, రీబూట్ అక్కర్లేదు. అయితే అప్పటికే నడుస్తున్న సర్వీసులు పాత పేరే గుర్తుపెట్టుకుని ఉంటాయి. అందుకని పని అయ్యాక ఒకసారి రీబూట్ చేస్తే గొడవ ఉండదు. క్రోమ్ ఓపెన్ చేసి ఉంటే ముందే క్లోజ్ చేసి అప్పుడు పేరు మార్చండి.

తర్వాత /ఈటీసీ/హోస్ట్స్ ఫైల్ చూడండి. డెబియన్, ఉబుంటుల్లో 127.0.1.1 తో మొదలయ్యే లైన్ ఉంటుంది. దాని పక్కన పాత పేరు ఉంటే కొత్త పేరు రాయండి. 127.0.0.1 పక్కన ఉన్న లోకల్‌హోస్ట్‌ని మాత్రం తీసేయకండి, అది వేరే పనికి కావాలి.

స్టాటిక్ పేరు వద్దు, కానీ నెట్‌వర్క్ కూడా ముట్టుకోకూడదు అనుకుంటే, నెట్‌వర్క్‌మేనేజర్ కాన్ఫిగరేషన్‌లో మెయిన్ సెక్షన్ కింద "హోస్ట్‌నేమ్-మోడ్" విలువని "నన్" అని పెట్టండి. "డీహెచ్‌సీపీ" అని పెడితే సర్వర్ పంపిన పేరు మాత్రమే తీసుకుంటుంది, రివర్స్ డీఎన్ఎస్ జోలికి వెళ్లదు. కాలేజ్ ల్యాబ్ నడిపేవాళ్లకి ఈ రెండోది బాగా పనికొస్తుంది. సర్వర్లలో నెట్‌వర్క్‌మేనేజర్ బదులు సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ ఉంటే, ఆ నెట్‌వర్క్ ఫైల్‌లో డీహెచ్‌సీపీవీ4 సెక్షన్ కింద "యూజ్‌హోస్ట్‌నేమ్" ని "నో" చేయాలి. ఇందులో యు, హెచ్ అక్షరాలు క్యాపిటల్.

కొన్ని స్పెషల్ కేసులు

క్లౌడ్ సర్వర్లు, ఉబుంటు సర్వర్: పేరు మార్చారు, రీబూట్ చేశారు, మళ్లీ పాత పేరే వచ్చింది. ఇది రౌటర్ పని కాదు, క్లౌడ్-ఇనిట్ పని. అది బూట్‌లో క్లౌడ్ ప్రొవైడర్ ఇచ్చిన పేరు పెట్టేస్తుంది. ఏడబ్ల్యూఎస్‌లో ఐపీ-172 అంటూ మొదలయ్యే పేర్లు చూసే ఉంటారు. /ఈటీసీ/క్లౌడ్/క్లౌడ్.సీఎఫ్‌జీ ఫైల్‌లో "ప్రిజర్వ్_హోస్ట్‌నేమ్" ని "ట్రూ" చేసి, ఆ తర్వాత పేరు మార్చండి.

డబ్ల్యూఎస్ఎల్: విండోస్‌లో లైనక్స్ నడిపేవాళ్లకి పేరు విండోస్ నుంచే వస్తుంది. లోపల ఎంత మార్చినా నిలవదు. /ఈటీసీ/డబ్ల్యూఎస్ఎల్.కాన్ఫ్ ఫైల్‌లో నెట్‌వర్క్ సెక్షన్ కింద "హోస్ట్‌నేమ్" విలువ ఇచ్చి, విండోస్ వైపు నుంచి డబ్ల్యూఎస్ఎల్ షట్‌డౌన్ చేసి మళ్లీ ఓపెన్ చేయాలి.

డాకర్: కంటైనర్ లోపల పేరుగా కనిపించే 12 అక్షరాలు కంటైనర్ ఐడీ మొదటి ముక్క. కంటైనర్ కొత్తగా క్రియేట్ చేసిన ప్రతిసారీ మారుతుంది. రాబిట్‌ఎంక్యూని డాకర్‌లో నడిపేటప్పుడు హోస్ట్‌నేమ్ ఆప్షన్ ఇచ్చి తీరాలి, ఎందుకో పైన చూశాం.

రాస్‌బెర్రీ పై: ఎస్‌డీ కార్డ్ ఇమేజ్ కాపీ చేసి రెండు బోర్డుల్లో పెడితే రెండింటికీ ఒకే పేరు. అవాహీ రెండోదాన్ని ".లోకల్" అడ్రస్‌లో పేరు చివర -2 తగిలించి చూపిస్తుంది. ఏది ముందు బూట్ అయితే దానికి అసలు పేరు. అంటే ఇవాళ లాగిన్ అయిన బోర్డు, రేపు లాగిన్ అయ్యే బోర్డు ఒకటే అన్న గ్యారంటీ లేదు. ఇమేజ్ రైట్ చేసేటప్పుడే వేరే పేర్లు ఇవ్వండి.

మ్యాక్: ఇక్కడా మూడు పేర్లే: కంప్యూటర్‌నేమ్, లోకల్‌హోస్ట్‌నేమ్, హోస్ట్‌నేమ్. మూడోది మామూలుగా సెట్ అయ్యి ఉండదు. అందుకే టెర్మినల్‌లో పేరు వైఫైని బట్టి మారుతుంది. సెట్టింగ్స్‌లో కంప్యూటర్ పేరు మార్చినా ఈ మూడోది సెట్ అవ్వదు. ఎస్‌సీయుటిల్ అనే కమాండ్‌కి రెండు హైఫన్లతో "సెట్" ఆప్షన్ ఇచ్చి, తర్వాత "హోస్ట్‌నేమ్" అని హెచ్, ఎన్ క్యాపిటల్‌లో రాసి, చివర మీ పేరు ఇవ్వండి. ముందు సూడో తప్పనిసరి.

విండోస్: డీహెచ్‌సీపీ సర్వర్ విండోస్ పేరుని మార్చదు. మీరు మార్చినా రీస్టార్ట్ చేశాకే అమల్లోకి వస్తుంది. పాత నెట్‌బయోస్ కోసం 15 అక్షరాల లిమిట్ ఉంది. "డెస్క్‌టాప్" తర్వాత హైఫన్, పొంతన లేని అక్షరాలు ఉన్న పేరు అంటే ఇన్‌స్టాలర్ పెట్టిందన్నమాట. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు.

మీ ఫోన్ కూడా పేరు చెప్తోంది

ఇప్పటిదాకా నెట్‌వర్క్ మనకి పేరు పెట్టడం గురించి చూశాం. రివర్స్‌లో మనం నెట్‌వర్క్‌కి ఏం చెప్తున్నామో కూడా చూడాలి. ఆప్షన్ 12లో వెళ్లే పేరుకి ఎన్‌క్రిప్షన్ లేదు. రైల్వే స్టేషన్ వైఫై అయినా, కాఫీ షాప్ వైఫై అయినా, అది నడిపేవాళ్లకి ఆ పేరు కనిపిస్తుంది.

పాత ఆండ్రాయిడ్ ఫోన్లు "ఆండ్రాయిడ్" తర్వాత హైఫన్, ఆ డివైస్ ఐడీ కలిపి పంపేవి. అంటే ఏ వైఫైలో కనెక్ట్ అయినా అదే ఫోన్ అని గుర్తుపట్టొచ్చు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8.0 లో ఈ పేరు పంపడం ఆపేశారు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి మ్యాక్ అడ్రస్ కూడా నెట్‌వర్క్‌కి ఒకటి చొప్పున మారుతోంది. కానీ అడ్రస్ ఎంత మార్చినా పేరు అదే పంపితే ఏం లాభం? ఇంటర్నెట్ స్టాండర్డ్స్ రాసే ఐఈటీఎఫ్ 2017లో ఆర్ఎఫ్‌సీ 8117 ప్రచురించింది. హోస్ట్‌నేమ్‌లని ఇప్పుడు వాడుతున్న పద్ధతి హానికరం అని దాని టైటిల్‌లోనే చెప్పేశారు.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్, నేమ్ దగ్గర మీ పూర్తి పేరు ఉంటే మార్చేయండి. హాట్‌స్పాట్ పేరుగా కూడా అదే అందరికీ కనిపిస్తుంది. లైనక్స్‌లో ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ యూజర్‌నేమ్, ల్యాప్‌టాప్ మోడల్ కలిపి పేరు సజెస్ట్ చేసేది. దాన్ని అలాగే ఓకే చేసి ఉంటే, మీ పేరూ మోడలూ రెండూ ప్రతి వైఫైకీ వెళ్తున్నాయి. నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఆ కనెక్షన్‌కి "డీహెచ్‌సీపీ-సెండ్-హోస్ట్‌నేమ్" ని ఐపీవీ4, ఐపీవీ6 రెండింటిలోనూ "నో" చేస్తే పంపడం ఆగుతుంది. ఇంటి వైఫైలో ఆన్‌లోనే ఉంచుకోవచ్చు, బయటి వాటికి ఆఫ్ చేయండి.

మామూలుగా వచ్చే డౌట్స్

*రౌటర్ రీసెట్ చేస్తే సరిపోతుందా?* పాత ఎంట్రీ పోవచ్చు, సమస్య తాత్కాలికంగా ఆగుతుంది. కానీ మీ మెషిన్‌లో స్టాటిక్ పేరు లేనంతవరకు ఇంకో వైఫైలో మళ్లీ వస్తుంది.

*"హోస్ట్‌నేమ్" కమాండ్‌తో పేరు మార్చాను, రీబూట్‌కి పోయింది?* ఆ కమాండ్ కెర్నల్‌లో ఉన్న పేరుని మాత్రమే మారుస్తుంది, ఫైల్‌ని ముట్టుకోదు. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ వాడండి.

*స్టాటిక్ పేరు పెడితే ఇంటర్నెట్‌కి, ఐపీకి ఏమైనా అవుతుందా?* ఇంటి వైఫైలో ఏమీ కాదు. స్టాటిక్ పేరు వేరు, స్టాటిక్ ఐపీ వేరు. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఐటీ టీమ్‌ని అడిగే మార్చండి, వాళ్ల లిస్ట్‌లో ఆ పేరే ఉంటుంది.

ఇప్పుడే టెర్మినల్ ఓపెన్ చేసి హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కొట్టి చూడండి. స్టాటిక్ దగ్గర మీరు పెట్టిన పేరు ఉంటే ఏ వైఫైకి వెళ్లినా అదే ఉంటుంది. అక్కడ ఏమీ లేకపోతే, పైన ఇచ్చిన ఒక్క కమాండ్‌తో పేరు పెట్టేసి హోస్ట్స్ ఫైల్ సరిచేయండి. మొత్తం రెండు నిమిషాల పని.